ఆకుపచ్చ గీత: మతీస్ చిత్రించిన ఒక స్త్రీమూర్తి

చిత్రకళను గూర్చి ప్రసంగము వచ్చినపుడు మనలో పెక్కురు అడుగు మొదటి ప్రశ్న “పోలిక వచ్చినదా?” అనునది. ఈ ప్రశ్న తప్పు కాదు. మన పూర్వులు చిత్రమునకు చెప్పిన ఆఱు అంగములలో సాదృశ్యము ఒకటి. కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్యను రచించిన యశోధరుడు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని ఆఱింటిని పేర్కొనెను. అయిదవది పోలిక; ఆఱవది వర్ణముల కూర్పు. ఆఱింటిలో ఒకటియైన పోలికను తక్కిన యైదింటికి యజమానిగా కూర్చుండబెట్టుట మాత్రము పూర్వుల మతము కాదు. ఛాయాచిత్రము ఇంటింటికి వచ్చిన పిమ్మట ఆ యలవాటు మనలో స్థిరపడినది.

నవ్యచిత్రకళ విషయమున ఈ చిక్కు స్త్రీ ముఖము దగ్గఱ ముదురును. చెట్టును నీలముగా వ్రాసినను, కొండను ఎఱ్ఱగా వ్రాసినను ఓర్చుకొను ప్రేక్షకుడు స్త్రీ ముఖముపై ఆకుపచ్చ రంగు కనబడినంతనే కోపగించుకొనును. ఆ కోపమున కొంత న్యాయము లేకపోలేదు. ముఖమనగా మనకు తల్లి, తోబుట్టువు, ఇల్లాలు. దానిని వికృతము చేసినవాడు మనిషినే అవమానించినట్లు తోచును. ఇక రెండవ పక్షమువారు కలరు. నవ్యకళలో చిత్రకారుని యిష్టమే ప్రమాణమనియు, ఎందుకని అడుగుట అనాగరికమనియు వీరి వాదము. మొదటివారు చూడకయే త్రోసివేయుదురు. రెండవవారు చూడకయే మెచ్చుకొందురు. చూచుట యను పనిని ఇరుపక్షములవారును ఎగవేయుచున్నారు. ఒకే యొక చిత్రమును ముందుంచుకొని ఆ పనిని ఓపికతో చేసి చూతము.

ఆ చిత్రము ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ 1905వ సంవత్సరమున తన భార్యను చూచి వ్రాసిన తైలవర్ణచిత్రము. ఇప్పుడది డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమున జాతీయ కళాప్రదర్శనశాలలో నున్నది. ఎత్తు 40.5 సెంటీమీటర్లు, వెడల్పు 32.5 సెంటీమీటర్లు. మన పూజగదిలో వ్రేలాడు పటముకంటె పెద్దది కాదు. లోకమున దీనికి “ఆకుపచ్చ గీత” యని ప్రసిద్ధి. ఫ్రెంచిలో “లా రే వెర్త్” అందురు. 1954వ సంవత్సరము వఱకు ఫ్రెంచి పాలనలో నుండిన యానాములో ఆ భాష చదువుకొన్న తెలుగు కుటుంబములవారు “రే” అను మాటకు గీత యనియే కాక పాపిట యనియు అర్థము కలదని యెఱుగుదురు. ఆ రెండవ యర్థమును ఈ చిత్రమునకు చక్కగా నప్పును. గీత నుదుటిపై జుట్టు మొదట బయలుదేరి ముక్కు మీదుగా క్రిందికి దిగును. పాపిటయే ముఖము మీదికి సాగివచ్చినదా యన్నట్లుండును.

మతీస్ 1869వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన ఉత్తర ఫ్రాన్సులో జన్మించెను. ఆయన పెరిగిన బొహేన్ నేతగాండ్ర పట్టణము. విలువగల వస్త్రములకు పేరుపొందినది. ఆయన పూర్వులలో నేతపనివారుండిరి. తండ్రి విత్తనముల వర్తకుడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి వకీలు కార్యాలయమున గుమాస్తాగా చేరెను. ఇరువది యేండ్ల ప్రాయమున జబ్బుపడి మంచముపై నుండగా తల్లి పొద్దుపుచ్చుటకై రంగుల పెట్టె యొకటి తెచ్చి యిచ్చినది. ఆ పెట్టె ఆయనను వకీలు గుమస్తాగిరినుండి తప్పించినది.

1898లో ఆయన అమేలీ పరేర్ అను యువతిని వివాహమాడెను. ఆమె దక్షిణ ఫ్రాన్సున తులూజ్ ప్రాంతమునకు చెందినది. వివాహమునకు పూర్వమే మతీస్‌కు కలిగియున్న మార్గరీత్ అను కూతును ఆమె తన బిడ్డగా పెంచినది. పారిస్‌లో స్త్రీల టోపీల దుకాణము నడిపి సంసారమునకు ఆధారమైనది. సెజాన్ అను గొప్ప చిత్రకారుడు వ్రాసిన స్నానమాడు ముగ్గురు స్త్రీల చిత్రమును భర్త 1899లో కొనదలచినపుడు, డబ్బు చాలక, ఆమె యుంగరము తాకట్టునకు పోయినదని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. ఇల్లాలి నగ తాకట్టునకు పోవుట యనగా నేమో మన కుటుంబములకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చిత్రములో మన యెదుట నున్నది ఆమెయే. వెలయిచ్చి తన బొమ్మ వ్రాయించుకొన్న జమీందారిణి కాదు. కూలికి కూర్చున్న పరాయి పడుచు కాదు. చిత్రకారుని వృత్తిలో సగము భారము మోసిన మనిషి.

1905వ సంవత్సరపు వేసవిని మతీస్ తన మిత్రుడు ఆంద్రే దెరేన్‌తో కలిసి కొలియూర్ అను సముద్రతీర గ్రామమున గడపెను. అచటి యెండలో ఆయన రంగులు కట్టుతెంచుకొన్నవి. ఆ శరత్తున పారిస్ ప్రదర్శనమున ఆయన యుంచిన “టోపీ ధరించిన స్త్రీ” అను చిత్రమునకు కూర్చున్నదియు అమేలీయే. జనులు దానియెదుట నిలిచి బిగ్గఱగా నవ్విరి. లూయీ వోసెల్ అను విమర్శకుడు, ఆ గదిలో నున్న ప్రాచీనపద్ధతి శిల్పము నొకదానిని చూచి, వన్యమృగముల నడుమ దొనతెల్లో చిక్కుకొన్నట్లున్నదని వ్రాసెను. ఆ యెగతాళిమాటయే “ఫోవ్” అను పేరై ఆ చిత్రకారుల సమూహమునకు నిలిచిపోయినది. ఆ చిత్రమును స్టైన్ కుటుంబమువారు 500 ఫ్రాంకులకు కొనిరి. అంతటి వికారమైన రంగుపూతను తాను మునుపెన్నడును చూడలేదని లియో స్టైన్ తలచెను, తలచియు కొనెను. మొదటి చూపున కలిగిన విముఖతయే తుది తీర్పు కానక్కఱలేదని ఆయన యెఱుగును.

ఆ ప్రదర్శనము జరిగిన సంవత్సరము ముగియకముందే “ఆకుపచ్చ గీత” పుట్టినది. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన, లోకము నవ్వినందులకు మతీస్ ఏమి చేసెనో తెలియును. మొదటి చిత్రమున కుంచె పరుగులు తీసినది. పెద్ద టోపీ, విసనకఱ్ఱ, చేతితొడుగు, నలుదెసల చెదరిన రంగులు. రెండవదానిలో టోపీ లేదు, విసనకఱ్ఱ లేదు, చేతులును లేవు. తల, మెడ, రవికె పైభాగము, వెనుక గోడ; అంతియే. పరిహాసమునకు జంకి ఆయన రంగును తగ్గింపలేదు. పంతమునకు పోయి అలజడిని హెచ్చింపనులేదు. ఉన్న రంగును కుదుటపఱచెను.

ఇక చిత్రమును భాగముల వారిగా చూతము. జుట్టు నలుపు కలిసిన నీలము. నడినెత్తిన ముడిచి కట్టినది. కనుబొమలు బలమైన విల్లువంపులు. కన్నులు చీకటిగా, నిశ్చలముగా నున్నవి, పెదవులు మూసియున్నవి. నుదుటినుండి దిగిన పసిమి కలిసిన ఆకుపచ్చ పట్టె ముఖమును రెండుగా విభజించుచున్నది. మనకు ఎడమవైపు చెక్కిలి పసుపుచాయ. కుడివైపు చెక్కిలి గులాబిచాయ. వెనుక గోడ మూడు రంగులు: కుడివైపంతయు ఆకుపచ్చ, ఎడమవైపు ఊదా, నారింజ. ఆ ఊదాయు నారింజయు ఆమె దుస్తులలో మరల వినిపించును. కుంచె జాడలు దాచబడలేదు. రంగు ఎచట ముద్దగా పడినదో, ఎచట ఈడ్వబడినదో కంటికి తెలియుచునేయున్నది.

ఇందులో మనలను తొట్రుపఱచునది గీత. అది ఎందుకు? పాఠశాలలలో నేర్పు పాశ్చాత్యపద్ధతిలో ముఖము గుండ్రముగా కనబడుటకు ఒక ప్రక్క వెలుగును, ఒక ప్రక్క నీడను వేయుదురు. నీడకు గోధుమరంగునో నలుపునో మెల్లగా కలుపుకొనుచు పోవుదురు. వెలుగు నీడలు కలియుచోట ముక్కుదూలము లేచి నిలుచును. మతీస్ ఈ నియమమును త్రోసిపుచ్చలేదు. దాని భాషను మార్చెను. వెలుగు ప్రక్కకు ఒక వన్నెయు, నీడ ప్రక్కకు మఱియొక వన్నెయు ఇచ్చి, అవి కలియు పొలిమేర మీద ఆకుపచ్చను నిలిపెను. అనగా గీత ముఖముపై పూసిన మఱక కాదు. ముఖమును నిలువబెట్టిన దూలము. నమ్మనివారు ఈ చిత్రపు అచ్చుప్రతిని ముందుంచుకొని గీతను సన్నని కాగితపు ముక్కతో కప్పి చూడవచ్చును. ముఖము వెంటనే పల్చబడి రెండు అతుకులుగా విడిపోవును. కాగితమును తీసిన మరల బిగిసికొనును. ఆకుపచ్చయే మాంసపు వన్నెకు ఆధారముగా నుండుట యూరపులోనే క్రొత్తది కాదు. ఇటలీలోని ప్రాచీన చిత్రకారులు దేవమాత ముఖమునకు మొదట పచ్చమన్ను పూత వేసి దానిపై గులాబిరంగును పట్టించెడివారు. వారు అడుగున దాచినదానిని మతీస్ పైకి తెచ్చెను.

ఆ ఆకుపచ్చ ఒంటరిగా నిలువలేదు. ఇరుగుపొరుగు రంగుల బలముచే నిలిచినది. ఈ రహస్యమును మతీస్‌కు చాల ముందే ఒక రసాయనశాస్త్రజ్ఞుడు గ్రంథస్థము చేసియుండెను. గోబెలిన్ అను ప్రసిద్ధమైన ఫ్రెంచి నేతశాలలో అద్దకపు పనికి అధిపతియైన షెవ్రోల్ దగ్గఱకు, నలుపు నూలు నలుపుగా కనబడుటలేదను ఫిర్యాదు వచ్చినది. పరీక్షించి చూడగా రంగులో లోపము లేదు. ప్రక్కన నేసిన రంగు దానిని చంపుచున్నది. ఒక రంగు మఱియొకదాని సరసన నున్నపుడు రెండును మారి కనబడునను సూత్రమును ఆయన 1839లో ప్రకటించెను. ఎఱుపు ప్రక్కన ఆకుపచ్చయు, పసుపు ప్రక్కన ఊదాయు పరస్పరము వెలుగును హెచ్చించుకొనును.

ఈ సూత్రమును పుస్తకము చదువకయే యెఱిగిన తెలుగువారు మనలోనే కలరు. సోలాపురములో స్థిరపడిన పద్మశాలి కుటుంబములు, తమిళనాట మగ్గము నమ్ముకొన్న దేవాంగులు ఎఱ్ఱని చీరకు ఆకుపచ్చ అంచు ఎందులకు వేయవలెనో ఎవరినడిగి నేర్చుకొనిరి? పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టిన నెమలికంఠపు వన్నె ఎట్లు పుట్టునో వారి కన్ను వారికి చెప్పినది. ఇప్పుడు మరల చిత్రమును చూడుడు. గులాబిచాయ చెక్కిలి వెనుక ఆకుపచ్చ గోడ. పసుపుచాయ చెక్కిలి వెనుక ఊదా. ముఖము ఒడలు, గోడ అంచు. నేతపట్టణమున పెరిగినవాని చేతిపని యిది. రంగులను పళ్ళెరములో కలిపి మెత్తబఱచక, నూలుపోగులవలె ఒకదాని సరసన ఒకదానిని నిలిపి, చూచువాని కంటిలో కలియనిచ్చినాడు. నేతగాని యింట బుట్టినవారు ఈ చిత్రము నెదుట చిత్రకళాపండితులకంటె ముందుగా తలయూపవచ్చును.

భాష విషయమున మనకు మఱియొక సౌకర్యము కలదు. తమిళమున “పచ్చై” యనిన ఆకురంగే. తెలుగున “పచ్చ” యను మాట పసుపునకును ఆకునకును కూడ చెల్లును. ఏ పచ్చయో తెలుపవలసినపుడు పసుపుపచ్చ, ఆకుపచ్చ అని విడదీయుదుము. చిత్రములోని గీతయు ఈ రెండింటి నడుమనే యున్నది. అంతేకాదు. ఆకుపచ్చ ముఖమనగా పాశ్చాత్యునకు రోగము, ఈర్ష్య తోచునట. మనకు పచ్చని సంసారము, పచ్చని తోరణము, పసుపు పూసిన ముత్తైదువ ముఖము తోచును. పరభాషల నడుమ మూడు నాలుగు తరములుగా బ్రతుకుచున్న మన యిండ్లలో ఎన్నియో మాటలు జాఱిపోయినను “పచ్చగా నుండుము” అను దీవెన మిగిలియున్నది. మతీస్ మన దీవెనను మనసున నిడుకొని గీత గీచెనని నా భావము కాదు. అట్లనుట అతిశయోక్తి. తెలుగువాని కన్ను ఈ రంగును చూచి బెదరవలసిన అగత్యము లేదని మాత్రమే చెప్పుచున్నాను.

బెదరుటకు మన సంప్రదాయమును తావీయదు. పూరీ క్షేత్రమున సుభద్ర ముఖము పసుపు, బలభద్రుడు తెలుపు, జగన్నాథుడు నలుపు. మధురలో మీనాక్షిని మరకతశ్యామగా భావించి కొలుతుము. తోలుబొమ్మలాటలో రాముడు నీలముగా తెరపై వెలుగును. తంజావూరు చిత్రములను వ్రాసినవారిలో ముఖ్యులు విజయనగర పతనానంతరము దక్షిణమునకు తరలిన తెలుగు రాజుల వంశములవారని చెప్పుదురు. వారు దేవతల మేనికి వేసిన రంగు చర్మపు రంగు కాదు, తత్త్వపు రంగు. దానియెదుట నిలిచి “ఇట్టి ముఖము లోకమున కలదా?” యని మన పెద్దలెవ్వరు అడుగలేదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును, వచ్చుటయు న్యాయమే. దేవతామూర్తి వేఱు, ఇంటి యిల్లాలు వేఱు. దేవతకు వేసిన రంగునకు ధ్యానశ్లోకము ప్రమాణము, భక్తులందఱు ఎఱిగినది. ఈమె ముఖముపై గీతకు ప్రమాణమేది? ఒక వ్యక్తి యొక్క యిష్టమే కదా? ఈ ఆక్షేపణకు నా సమాధానమిది. మతీస్‌కు ధ్యానశ్లోకము లేదు, నిజమే. అందువలననే ఆయన ప్రమాణమును చిత్రములోపలనే కల్పింపవలసి వచ్చినది. గీతకు గోడ సాక్ష్యము చెప్పవలెను. గోడకు రవికె సాక్ష్యము చెప్పవలెను. ఏ రంగును తీసినను తక్కినవి కూలవలెను. ఇచట అట్లే జరిగినది. ఇష్టము వచ్చినట్లు వేసిన రంగును తీసివేసినను నష్టముండదు. ఈ గీతను తీసిన చిత్రమే లేదు. ఇష్టమునకును అవసరమునకును గల భేదమిదియే. నవ్యచిత్రముల ననుదినము చూచుచు ఏది మంచిది, ఏది డాంబికము అని తెలియక తికమకపడువారికి ఈ పరీక్షకంటె సులభమైనది లేదు.

మన యిండ్లలో స్త్రీమూర్తి యనగా తలంపునకు వచ్చునది రాజా రవివర్మ. 1894లో ఆయన బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెడలిన లక్ష్మీ సరస్వతులు ఊరూర గోడలకెక్కిరి. ఆయన 1906లో మరణించెను; ఆకుపచ్చ గీత పుట్టిన మరుసటి యేడు. ఇద్దఱును తైలవర్ణములనే వాడిరి. రవివర్మ చేతిలో పట్టు పట్టుగా, ముత్యము ముత్యముగా, చర్మము చర్మముగా నిగనిగలాడును. ఆ నేర్పును తక్కువ చేయుట కృతఘ్నత. కాని ఆయన త్రోవను నడచిన క్యాలెండరు చిత్రకారుల చేతిలో ఆ నిగనిగయే మిగిలి మనిషి కఱగిపోయినది. చెక్కిళ్ళన్నియు ఒకటే, చిఱునవ్వులన్నియు ఒకటే, నగలను మార్చిన దేవత మారును. స్త్రీని అందముగా చూపుటయే ఆమెకు గౌరవమను భ్రాంతి మనలో నాటుకొన్నది.

మతీస్ చిత్రమున అమేలీ మెడలో చూపులనాకర్షించు నగ లేదు. చిఱునవ్వు లేదు. మనలను మెప్పింపవలెనను ఆరాటము ఆ ముఖమున అణువంతయు లేదు. తల నిటారుగా నున్నది. నాలుగు దిక్కుల రంగులు తోసికొని వచ్చుచున్నను ఆమె చలింపలేదు. భావమనగా కన్నీరో చిఱునవ్వో కాదనియు, చిత్రమునందలి సమస్తమైన అమరికయే భావమును పలుకుననియు మతీస్ 1908లో ప్రకటించిన “ఒక చిత్రకారుని టిప్పణులు” అను వ్యాసమున సిద్ధాంతీకరించెను. మన షడంగములలో భావము సాదృశ్యముతో ముడిపడక వేఱుగా నుండుటకును ఇదియే కారణమని నాకు తోచును. ఈమె స్థైర్యము కన్నులలో వ్రాయబడలేదు. గీత నిలుకడలో, మెడ బిగువులో, గోడతో సరితూగిన ముఖపు బరువులో వ్రాయబడినది. ఇంటి బరువు మోసిన స్త్రీకి, నగలకుప్పకంటె ఈ నిలుకడయే తగిన అలంకారము.

అయినను మతీస్ భార్యను వ్రాసిన చిత్రములన్నియు నాకు ఇంతటి సమ్మతము కావు. 1913లో ఆయన మరల ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి పెద్ద చిత్రమును వ్రాసెను. అది ఇప్పుడు సెంట్‌పీటర్స్‌బర్గునందలి హెర్మిటాజ్ ప్రదర్శనశాలలో నున్నది. ఆ చిత్రమునకై ఆమె నూఱుమాఱులకు పైగా కూర్చున్నదట. కూర్చున్నకొలది ముఖము మెల్లమెల్లగా చెఱిగి, తుదకు బూడిదవన్నె ముసుగు మిగిలినది. కన్నులు నల్లని గుంటలు. దానిని చూచి ఆమె కన్నీరు పెట్టుకొన్నదని మతీసే తరువాత గుర్తు చేసికొనెను. ఆ చిత్రమును శిఖరముగా పొగడినవారు గొప్పవారే. నీలము, ఆకుపచ్చల కూర్పు అద్భుతమే. కాని నాకు 1905 నాటి చిత్రమే న్యాయమైనదిగా తోచును. దానిలో రంగు మనిషిని నిలువబెట్టినది. 1913 నాటి దానిలో మనిషి రంగులకు దారియిచ్చి తప్పుకొన్నది. కళ మనిషినుండి ఎంతయైన తీసికొనవచ్చును. తిరిగి ఏమిచ్చినదని అడుగు హక్కు ప్రేక్షకునకు కలదు. నవ్యకళను అభిమానించుట యనిన ఈ హక్కును వదులుకొనుట కాదు.

తరువాతి కథను క్లుప్తముగా చెప్పవలెను. భార్యాభర్తలు 1939లో విడిపోయిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమేలీ జర్మనుల యాక్రమణను ప్రతిఘటించు రహస్యోద్యమమునకు టైపు పనిచేసి పెట్టినది. 1944లో జర్మను రహస్యపోలీసులు ఆమెను, మార్గరీత్‌ను బంధించిరి. ఆమె కొన్ని నెలలు చెఱలో గడపినది. మార్గరీత్ చిత్రహింసల పాలైనది. ఇరువురును బ్రతికి బయటపడిరి. మతీస్ 1954లోను, అమేలీ 1958లోను మరణించిరి. ఈ కథను వెనుకకు త్రిప్పి, 1905లోనే చిత్రకారుడు ఆమె ధైర్యమును దివ్యదృష్టితో కనెననుట కవిత్వమగును కాని విమర్శ కాదు. ఆ ముఖమున మనము చూచిన స్థైర్యము అబద్ధము కాదని మాత్రము ఆమె జీవితము చెప్పుచున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము: పోలిక వచ్చినదా? పోలికకు సాక్షులు కావలెను. ఆ మనిషిని కన్నులార చూచినవారు ఉన్నంతకాలము పోలిక బ్రతికియుండును. వారు పోయిన పిమ్మట పోలికయని చెప్పువారే లేరు. అమేలీ ఛాయాచిత్రములు కొన్ని కలవు. కాని కోపెన్‌హాగెనులో ఈ చిత్రము నెదుట నిలుచు ప్రేక్షకులు వానిని చేతబట్టుకొని సరిచూచుకొనరు. ఎవరో ఎఱుగని స్త్రీ యెదుట నిలిచి, ఈమె ఒకప్పుడు నిజముగా ఉండినదని నమ్ముదురు. ఆ నమ్మకమును కలిగించునది పోలిక కాదు. చిత్రమున కుదిరిన ప్రాణశక్తి.

వలసవచ్చిన కుటుంబములకు ఈ విషయము కేవలము కళావిషయము కాదు. బెంగుళూరులోనో, బరంపురములోనో, కోయంబత్తూరులోనో మన గోడమీద ముత్తవ్వ పటము వ్రేలాడుచుండును. ఛాయాచిత్రశాలవాడు ముడుతలు తుడిచి, చెక్కిళ్ళకు గులాబిరంగు అద్ది, ఆమెను ఎవరో ఒక అందమైన ముసలమ్మగా చేసియుండును. మనుమలు ఆ పటమును చూచి “ఎవరీమె?” యని అడుగుదురు. పేరు చెప్పుదుము, ఊరు చెప్పుదుము, అంతటితో ఆగిపోవుదుము. ఆమె ఏ నది దాటి వచ్చినది, ఏ నగ తాకట్టు పెట్టినది, ఏ పరాయి భాషలో సంతబేరము నేర్చినది పటము చెప్పదు. చెప్పవలసినదానిని నునుపు చేసి చెఱిపివేసినది. పోలిక ఉన్నది, మనిషి లేదు.

అందుచేత స్త్రీమూర్తి చిత్రము నెదుట నిలిచినపుడు, అది పాతదైనను క్రొత్తదైనను, అడుగవలసిన ప్రశ్నలు మూడని నాకు తోచును. ఇందులోని ప్రతి వన్నెకును చిత్రములోపల పని కలదా? ఆ వన్నెలన్నియు కలిసి మనిషిని నిలువబెట్టినవా, లేక మనిషిని ఆడంబరమునకు ఆసరాగా వాడుకొన్నవా? ఎఱుగనివాడు చూచినను ఈమె ఒకప్పుడు ఉండెనని నమ్మునా? ఈ మూడింటికిని “ఆకుపచ్చ గీత” తడబడక ఉత్తరమిచ్చును. పచ్చదనమును దీవెనగా నెంచు భాషలో పుట్టినవారము. ఆ గీతను చూచి నవ్వవలసిన పని మనకు లేదు. నిదానించి చూచిన, బిగువుగా నిలిచిన ఒక యిల్లాలు కనబడును.